పెరటి తోటకు కూడా వాతావరణ సూచన ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

తుఫాను తీరం దాటిన మరునాడు పత్రికల్లో నేలకు ఒరిగిన వరి చేల ఫొటోలు, కల్లాల్లో తడిసిన మిర్చి గురించిన వార్తలు వస్తాయి. అవి రావలసినవే, రైతుకు జరిగిన నష్టం ముందు మా బోటివారి నష్టం చాలా చిన్నది. అయితే అదే గాలికి కూలిన పెరటి పందిళ్ల గురించి, అదే వానకు వేరు కుళ్లిపోయిన ఇంటి వంగ, మిరప, టమాటా మొక్కల గురించి ఎక్కడా ఒక్క ముక్క కనిపించదు. నష్టపరిహారం అడగడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. నష్టం జరగక ముందే జాగ్రత్త పడడానికి పెరటి తోట పెంచేవారికి అందవలసిన సమాచారం అందడం లేదని, దాన్ని అందించగల స్థానంలో మీ పత్రిక ఉందని చెప్పడానికి రాస్తున్నాను.

మాది తెనాలి. ఇంటి వెనుక సెంటున్నర పెరడు, డాబా మీద యాభై దాకా కుండీలు ఉన్నాయి. ఉపాధ్యాయురాలిగా ఉద్యోగ విరమణ చేసినప్పటి నుంచి నేను వాటిని చూసుకుంటున్నాను, అంతకుముందు మా అత్తగారు చూసుకునేవారు. ఆవిడకు ఇప్పుడు ఎనభై ఆరేళ్లు. విత్తనం వేయడానికి ఆవిడ ఏనాడూ ఇంగ్లీషు తేదీ చూడలేదు, కార్తె చూసేవారు. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13, 14 రోజులు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించగానే బీర, సొర, చిక్కుడు గింజలు పాదుల్లో పడిపోయేవి. వానల ఉద్ధృతి తగ్గి నేల ఆరుబాటుకు వచ్చే వేళకు వంగ, టమాటా నారు సిద్ధంగా ఉండేది. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవారిని చూశాను, వారితో నేను ఏకీభవించను. కొన్ని తరాల వారు ఆకాశాన్ని చూసి, నేలను తొక్కి చూసి, పోయిన పంటను చూసి రాసుకున్న లెక్క అది. ఆ లెక్కలో తప్పు లేదు. లెక్కకు ఆధారమైన వానలూ ఎండలూ ఇప్పుడు వేళ తప్పి వస్తున్నాయి.

నేను పదకొండేళ్లుగా ఒక నోటు పుస్తకంలో తోట లెక్కలు రాస్తున్నాను. అందులో 2023 సంవత్సరం ఒక్కటి తీసి చూసినా ఈ సంగతి తెలుస్తుంది. ఆ ఏడు నైరుతి రుతుపవనాలు జూన్ 1న కేరళను తాకవలసింది, 8న తాకాయి. మృగశిర వచ్చినా మా పెరటి నేల బీటలు తీసే ఉంది. జూలై వచ్చేసరికి కథ మారిపోయింది. తెలంగాణలోని ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. ఆ రోజుల్లోనే మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో 200 రూపాయల మాట వినిపించింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించవలసి వచ్చింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా నమోదైంది. మఖ పుబ్బలు వరపైతే మహా ఎత్తున క్షామమని మా అత్తగారు వీధి అరుగు మీద కూర్చుని ఆ నెలంతా అంటూనే ఉన్నారు. చివరికి డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మాకు దగ్గరలోనే, బాపట్ల వద్ద తీరం దాటింది. ఒకే ఏడాదిలో, ఒకే మడిలో, బెట్టకు కొన్ని మొక్కలు, ముంపుకు కొన్ని మొక్కలు పోయాయి. రెండేళ్ల తరువాత, 2025లో, దీనికి పూర్తిగా తలకిందులుగా జరిగింది. రుతుపవనాలు మే 24నే కేరళను తాకి, 26న రాయలసీమలో అడుగుపెట్టాయి. రోళ్లు పగలవలసిన రోహిణి కార్తెలో గొడుగులు తీశాం. ఆ ఏడే అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను వచ్చింది. ఇటువంటి కాలంలో ఏ కార్తెకు ఏ విత్తనం అనే ఒక్క సూత్రం పట్టుకుని కూర్చుంటే పెరడు నిలవదు.

మిచౌంగ్ వెళ్లిన మూడో రోజున నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. నాలాగే ఇంకెందరో చేస్తూ ఉంటారని నా అనుమానం కనుక దాన్ని కొంచెం వివరంగా చెబుతాను. వాన వెలిసి ఎండ కాసింది. ఉదయం పదకొండు గంటలయ్యేసరికి కాపు మీద ఉన్న మిరప మొక్కలు తలలు వాల్చేశాయి. కొమ్మల చివర్లు మెత్తబడి, ఆకులు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. ఎండకు వడలాయనుకుని బిందెడు నీళ్లు తెచ్చి పాదుల్లో పోశాను, సాయంత్రం మళ్లీ పోశాను. మర్నాటికి ఆకులు పచ్చగా ఉండగానే రాలడం మొదలైంది. ఒక మొక్కను పట్టుకుని లాగితే ఏ పట్టూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. వేరును వేళ్ల మధ్య పెట్టి నొక్కితే గోధుమరంగు తొక్క జారిపోయి లోపలి దారం లాంటి ఈనె మాత్రం మిగిలింది, మురికి కాలువ వాసన వచ్చింది. మా అత్తగారు ఆ వేరును చూసి, “దానికి దాహం కాదమ్మాయ్, ఊపిరాడక పోయింది. నువ్వు పోసిన నీళ్లు ఇంకాస్త తొందరపెట్టాయి” అన్నారు. శాస్త్రం చెప్పేదీ అదే. వేరుకు మట్టి కణాల మధ్య ఉండే గాలి కావాలి. నీళ్లు ఆ సందులన్నీ నింపేస్తే వేరు పనిచేయడం మానేస్తుంది. చుట్టూ నీళ్లున్నా పీల్చుకోలేదు, ఆకు వడలుతుంది. చూసేవారికి అది దాహంలా కనిపిస్తుంది. మొక్క వాలినప్పుడు చెంబు పట్టుకునే ముందు చూపుడు వేలిని రెండో కణుపు దాకా మట్టిలోకి దించి చూడాలని నేను ఆ రోజు నేర్చుకున్నాను. తడి తగిలితే నీళ్లు పోయకూడదు. పాదు గట్టు తెంపి నీరు బయటికి పోనివ్వాలి, నేల కాస్త ఆరగానే పైపైన గొప్పు తవ్వి గాలి ఆడనివ్వాలి. మొక్క ఇంకా బతికే ఉంటే, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీ క్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడిసేలా పోయవచ్చు. వేరు కోలుకునే దాకా లీటరు నీటికి 5 గ్రాముల 19-19-19 ఎరువు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే మొక్కకు కొంత ఆసరా దొరుకుతుంది. ఈ నాలుగు ముక్కలు ఆ వారంలో ఏ పత్రికలోనైనా అచ్చయి ఉంటే నా మిరప మొక్కల్లో సగమైనా దక్కేవి.

వాన ఎంత పడిందో సెంటీమీటర్లలో చదువుతాం కానీ, మన పెరట్లోకి ఎంత నీరు వచ్చిందో లెక్క వేసుకోము. వాతావరణ శాఖ భాషలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం. పది సెంటీమీటర్ల వాన పడితే ఒక్క సెంటు నేల మీదికి సుమారు 4 వేల లీటర్లు వచ్చినట్టు. మా సెంటున్నర పెరట్లోకి 6 వేల లీటర్లు, డాబా మీది నీరు కూడా పెరట్లోకే దిగితే అంతకు రెట్టింపు. మా డెల్టా నల్లమట్టి ఆ నీటిని అంత త్వరగా మింగదు, పట్టుకున్న తడిని వదలదు. అందుకే మిచౌంగ్ తరువాత మడులన్నీ తీసేసి, నేల మట్టం నుంచి జానెడున్నర ఎత్తున కొత్త మడులు కట్టించాను. మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, కొంత ఇసుక, కొబ్బరి పొట్టు కలిపాము. మడికీ మడికీ మధ్య అడుగు వెడల్పున కాలువ తీసి, వాలు వీధి వైపు పెట్టాము. డాబా గొట్టాన్ని పెరట్లోకి కాకుండా ఇంకుడు గుంతలోకి మళ్లించాము. అంతకుముందు ఏటా ఎరువుల మీదా మందుల మీదా పెట్టిన ఖర్చు కంటే, ఒక్కసారి పెట్టిన ఈ మట్టి పని ఖర్చే నాకు ఎక్కువ ఫలితమిచ్చింది. మొంథా రాత్రి వాన దంచినా, తెల్లవారేసరికి కాలువల్లో తప్ప మడుల మీద నీరు నిలవలేదు.

కుండీల సంగతి వేరు. కుండీ అడుగున చిల్లులు ఉంటే చాలనుకుంటాము, కానీ ఏడాది తిరిగేసరికి వేళ్లూ మట్టీ కలిసి ఆ చిల్లులను పూడ్చేస్తాయి. వానాకాలం ముందు ఒక్కో కుండీని పక్కకు వాల్చి ఇనుప చువ్వతో చిల్లు పొడిచి చూడాలి. కుండీని నేరుగా సిమెంటు మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద నిలిపితే నీరు జారుతుంది, ఎండాకాలంలో సిమెంటు సెగ కూడా వేరుకు తగలదు.

తుఫానుల విషయంలో మనకు ఉన్న వెసులుబాటును పెరటి తోటవారం వాడుకోవడం లేదు. వడగళ్లు చెప్పి రావు, తుఫాను చెప్పే వస్తుంది. వాతావరణ శాఖ నాలుగు దశల్లో చెబుతుంది. 72 గంటల ముందు ముందస్తు సమాచారం, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు ఆ తరువాతి పరిస్థితి గురించిన అంచనా వస్తాయి. ఈ దశలను పెరటి పనులకు అన్వయించి చెప్పేవారు లేక, మేమే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాము. మొదటి కబురు రాగానే కొత్తగా విత్తనం వేయడం, నారు నాటడం, ఎరువు వేయడం ఆపేస్తాము, లేకపోతే ఎరువంతా వీధి కాలువ పాలవుతుంది. రెండో కబురుకు కోతకు వచ్చిన కాయలన్నీ, దోరగా ఉన్న టమాటాలతో సహా, కోసేస్తాము. దోర టమాటా ఇంట్లో గడ్డిలో పెడితే నాలుగు రోజుల్లో పండుతుంది, తీగ మీద వదిలేస్తే వాన నీటికి పగులుతుంది. మూడో కబురుకు డాబా మీద నీడకు కట్టిన గ్రీన్ నెట్ విప్పి చుట్టేస్తాము. నెట్ అలాగే ఉంచితే తెరచాపలా గాలిని పట్టి గుంజలతో సహా లేచిపోతుంది, పొరుగింటి వారి మీద పడితే ప్రాణానికే ముప్పు. పిట్టగోడ మీది కుండీలను కిందికి దించి, గోడ మూలకు చేర్చి, ఒకదానికొకటి ఆనేలా గుంపుగా పెడతాము. వంగ, టమాటా మొక్కలకు సరుగుడు కర్ర పాతి పురికొసతో ఎనిమిది అంకె వేసి కడతాము, కాడ కోసుకుపోకుండా ముడి కర్ర వైపు ఉండాలి. పందిరి మీద ఒత్తుగా అల్లుకున్న సొర, చిక్కుడు తీగల్లో ముదురు ఆకును మూడో వంతు దాకా తుంచేస్తే గాలి పందిరిలోంచి దాటిపోతుంది. ఇదంతా ఇద్దరు మనుషులకు ఒక పూట పని.

ఎండ సంగతికి వస్తే, అది తుఫానులా ఒక్క రాత్రిలో దెబ్బ తీయదు, చప్పుడు లేకుండా తీస్తుంది. ఏప్రిల్ చివర టమాటా మొక్క చూడడానికి నిండుగా ఉంటుంది, పసుపు పూల గుత్తులు వేలాడుతూ ఉంటాయి. దగ్గరికి వెళ్లి ఒక పూకాడను గమనిస్తే మధ్యలో చిన్న కణుపు ఉంటుంది. ఆ కణుపు దగ్గర కాడ లేతపసుపుగా మారిందంటే ఆ పువ్వు సాయంత్రానికి రాలిపోతుంది. వేలితో తాకితే అక్కడికక్కడే తెగి అరచేతిలో పడుతుంది. మా వీధిలో ఒకరు దీనికి మందు కావాలని దుకాణానికి వెళితే, ఏవేవో మూడు సీసాలు అంటగట్టి పంపారు. అది చీడా కాదు, తెగులూ కాదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి 24కు దిగని రోజుల్లో టమాటా పుప్పొడి పాడైపోతుంది, పిందె కట్టదు. కట్టిన కాయలకు కూడా ఎర్రరంగు సరిగా దిగదు, పసుపుపచ్చగానే పండుతాయి. ఇక్కడ నా అభిప్రాయం నిష్కర్షగా చెబుతాను. కోస్తాలో మే నెలలో టమాటాతో పోరాడడం వృథా. ఆ నెలలో గోంగూర, తోటకూర, బచ్చలి, బెండ వేసుకోవాలి, అవి వేడికి తట్టుకునే ప్రాణులు. టమాటాను ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే కాపు ముగిసేలా నవంబరులో నాటుకోవాలి. పాలకూర, కొత్తిమీర కావాలంటే నీడ తప్పదు.

నీడ అంటే అందరూ గ్రీన్ నెట్ కొంటారు, ఎంత శాతం నీడ ఇచ్చేదో అడగరు. 75 శాతం నెట్ కింద కాయకూర మొక్క వెలుతురు చాలక సన్నగా సాగి, పూత లేకుండా ఉండిపోతుంది. ఆకుకూరలకు 50 శాతం, కాయకూరలకు 35 శాతం సరిపోతుంది. దాన్ని మొక్కల నెత్తిన పరచకుండా, మనిషి ఎత్తుకు పైన కట్టి, పక్కలు గాలికి వదలాలి. నెట్ కొనలేనివారికి తాటాకులూ కొబ్బరి మట్టలూ ఉన్నాయి. మా ప్రాంతంలో తమలపాకు తోటలకు నీడగా అవిసె పెంచడం తరతరాలుగా ఉన్నదే. పడమటి వైపు రెండు అవిసె మొక్కలు వేస్తే, మధ్యాహ్నం మూడు గంటల ఎండను అవి అడ్డుకుంటాయి, వాటి ఆకూ పువ్వూ కూరకు పనికొస్తాయి. నీళ్ల విషయంలో ఒక్క మాట చాలు. డాబా మీది ట్యాంకు నీరు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంతగా కాగుతుంది, దాన్ని నేరుగా పోస్తే వేరు ఉడుకుతుంది. రాత్రి డ్రమ్ములో పట్టి ఉంచి, తెల్లవారుజామున పోసుకోవాలి.

వీటన్నిటికంటే చవకైనది, ఎండకూ వానకూ రెండింటికీ పనికొచ్చేది ఆచ్ఛాదన. మొక్క చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు, వరిగడ్డి పరచడమే. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ల ఎడం వదలాలి. ఎండలో తడి ఆరిపోదు, జడివానలో చినుకు తాకిడికి మట్టి చింది ఆకుల మీద పడదు, మట్టి ద్వారా పాకే తెగుళ్లు అంతమేరకు తగ్గుతాయి. రోజూ తడి పెట్టవలసిన వంగకు మేము ఇప్పుడు వేసవిలో కూడా రోజు విడిచి రోజు పెడుతున్నాము. ఇంత విలువైన ఎండుటాకును మన ఊళ్లలో ఏం చేస్తున్నామో చూస్తే మనసు కలుక్కుమంటుంది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో వేప, బాదం ఆకులు రాలినప్పుడు తెల్లవారితే ప్రతి వీధి మలుపులో కుప్ప పోసి నిప్పు పెడతారు. ఆ పొగను పీల్చి, రెండు నెలల తరువాత అదే వీధివాళ్లం బీటలు తీసిన కుండీల్లో నీళ్లు పోస్తూ ఉంటాము. పురపాలక సిబ్బంది ఆ ఆకును సంచుల్లో నింపి, కావాలన్న ఇంటికి ఇచ్చే ఏర్పాటు చేస్తే ఎవరికీ ఖర్చు లేదు.

చీడపీడలు కూడా వాతావరణంతోనే వేషం మారుస్తున్నాయి. వరపు సాగితే తెల్లదోమ పెరిగి బెండకు పల్లాకు తెగులు అంటిస్తుంది, మబ్బు పట్టి చలిగా ఉంటే పేనుబంక చిక్కుడును కమ్ముతుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి చల్లడం అందరికీ తెలిసినదే, కానీ మర్నాడు వాన ఉందో లేదో తెలియకుండా చల్లితే ఆ శ్రమంతా నీళ్లపాలే. ఇక్కడ కూడా అవసరమైనది మందు కంటే ముందు కబురు.

నేను అందరికీ చెప్పే ఇంకో మాట, ఉన్న విత్తనమంతా ఒకే రోజు వేయవద్దని. పన్నెండు, పదిహేను రోజుల ఎడంతో మూడు విడతలుగా వేసుకుంటే ఒక విడత వానకు పోయినా ఇంకొకటి దక్కుతుంది. ప్రోట్రేలో, అంటే నారు పెంచే గుంటల పళ్లెంలో, ఇరవై మొక్కల మారు నారు ఎప్పుడూ చూరు కింద ఉంచుకోవాలి. కొన్ని మొక్కలకు మళ్లీ అవకాశం ఉండదని కూడా తెలిసి ఉండాలి. పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూతకు వస్తుంది. జూన్, జూలైలో గింజ పెట్టి పెంచిన పాదు అక్టోబరు గాలివానకు పోతే, నవంబరులో గింజ పెట్టి సంక్రాంతికి అంత కాపు తీయడం కుదరదు. అందుకే మొంథా కబురు విన్నప్పుడు మా ఇంట్లో ముందు కట్టుదిట్టం చేసింది చిక్కుడు పందిరినే. నాలుగు గుంజలకూ తాళ్లు వేసి మేకులకు బిగించాము. పందిరి నిలిచింది, ఆ సంక్రాంతికి ఇంటి చిక్కుడుకాయే వండుకున్నాము.

ఇక అసలు విన్నపానికి వస్తాను. వాతావరణ శాఖ ప్రతి మంగళవారం, శుక్రవారం జిల్లాలవారీగా వ్యవసాయ సలహాలు విడుదల చేస్తుంది. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో అవి తెలుగులోనూ దొరుకుతాయి. రాబోయే ఐదు రోజుల వాన, వేడి, గాలి, తేమ అంచనాలు అందులో ఉంటాయి. ఇంత మంచి సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ సలహాలు వరికి, పత్తికి, మిర్చికి, ఎకరాల లెక్కలో ఉంటాయి. ఎకరానికి 200 లీటర్ల మందు నీరు అంటే పన్నెండు మొక్కలున్న గృహిణి ఏం చేసుకోవాలి? పైగా ఆ యాప్ తెరిచే అలవాటు లేని మా అత్తగారి వంటివారికి ఉదయం కాఫీతో పాటు చేతికి వచ్చేది దినపత్రికే. కాబట్టి మీ జిల్లా అనుబంధంలో వారానికి రెండుసార్లు, బుధవారం, శనివారం, “పెరటి తోట” అని అరచేయంత జాగా కేటాయించండి. ఈ నాలుగు రోజుల్లో వాన ఎంత, వేడి ఎంత, గాలి ఎంత అనే మూడు అంకెలు, వాటిని బట్టి ఈ వారం విత్తవచ్చా, తడి పెట్టాలా, నెట్ విప్పాలా, మందు చల్లవచ్చా అనే నాలుగు మాటలు చాలు. కొలతలు ఎకరాల్లో కాకుండా చెంచాల్లో, లీటర్లలో, కుండీల్లో ఉండాలి. పంచాంగం పక్కనే వేస్తే మరీ మంచిది, కార్తె చూసేవారి కన్ను ముందు అక్కడికే పోతుంది. మన రెండు రాష్ట్రాలకూ ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, ఒకటి పశ్చిమ గోదావరి జిల్లా వెంకట్రామన్నగూడెంలో, రెండోది సిద్దిపేట జిల్లా ములుగులో. చాలా జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. మీరు అడిగితే ఈ నాలుగు మాటలు రాసిపెట్టడానికి అక్కడి శాస్త్రవేత్తలు కాదనరని నా నమ్మకం.

ఉద్యాన శాఖ అధికారులు ఈ లేఖ చదివితే వారికి కూడా ఒక విన్నపం. వేరుకుళ్లును అడ్డుకునే ట్రైకోడెర్మా వంటి మంచి జీవ శిలీంద్రం మా ఊళ్లో కిలో పొట్లాల్లోనే దొరుకుతుంది, మాకు వంద గ్రాములు చాలు. మిగిలినది అలమరలో చచ్చిపోతుంది. కిందటేడు ఇక్కడ ఒక దుకాణంలో కొన్న బీర గింజలు పద్దెనిమిది పెడితే రెండే మొలిచాయి, తరువాత చూస్తే పొట్లం మీద తేదీ దగ్గర వేరే చీటీ అంటించి ఉంది. రైతు బజారుల్లో వారానికి ఒక రోజు చిన్న పొట్లాల్లో తేదీ ఉన్న విత్తనం, జీవ మందులు, అవసరమైన కొలతకు కత్తిరించి ఇచ్చే 50 శాతం నెట్ అమ్మే ఒక బల్ల పెట్టించగలిగితే మాలాంటి వారికి అదే పెద్ద సాయం.

ఇదంతా తీరిక ఉన్నవారి సరదా అని కొందరు అనుకోవచ్చు. మా వెనుక వీధిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే ఒక అమ్మాయి, ఇళ్లలో పని చేసుకునే మనిషి, పెయింటు డబ్బాల్లో వంగ, పచ్చిమిర్చి, గోంగూర పెంచుకుంటుంది. 2023 జూలైలో టమాటా కొనలేక మేము కూడా చింతపండుతో సరిపెట్టిన రోజుల్లో, ఆ పిల్ల ఇంట్లో వారానికి మూడు రోజులు ఆ డబ్బాల కూరే. డిసెంబరు వానకు ఆ డబ్బాలకు చిల్లులు లేక మొక్కలన్నీ పోయాయి. డబ్బాకు చిల్లు పెట్టాలని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు, నా పెరడు చూసుకోవడంలో మునిగిపోయి. అంగన్‌వాడీ కేంద్రాల్లో పోషణ్ వాటికల పేరుతో పిల్లల కోసం కూరగాయల మడులు వేయిస్తున్నారు. ఆ మడులను చూసుకునే టీచర్లకూ ఆయాలకూ వాన ముందు ఏం చేయాలో, ఎండకు ఏం కప్పాలో చెప్పే కాగితం ఒకటి ఉండాలి కదా.

నా పదకొండేళ్ల నోటు పుస్తకంలో ఏ తేదీన ఏది విత్తాను, ఎప్పుడు వాన పడింది, ఏది దక్కింది, ఏది పోయింది అన్నీ ఉన్నాయి. ఆ శీర్షిక మొదలుపెట్టే ఉద్దేశం మీకు ఉంటే దాని నకలు తీసి మీ తెనాలి విలేకరి చేతికి ఇస్తాను. రాబోయే మృగశిరకు ముందే అది మొదలైతే, ఈ ఏటి బీర, సొర, చిక్కుడు గింజలు మీ అంకెలు చూసే పెడతాము.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి.